బొమ్మిడాయికి అశ్రునివాళి

పటమటలో ఎవరు పోయినా మూడో రోజుకల్లా సందు మొగలో ఫ్లెక్సీ కట్టించేది చేపల కమీషన్ వ్యాపారి కాశీరావే. పోయినవాళ్ళతో పరిచయం ఉండాలన్న పట్టింపేమీ ఆయనకు లేదు. పైన పోయినవాళ్ళ ఫొటో తపాలాబిళ్ళంత, కింద సెల్‌ఫోను చెవికి ఆనించుకున్న కాశీరావు ఫొటో తలుపంత. వర్తకుల సంఘానికి అధ్యక్షుడు కావాలని ఆయన కోరిక. జనం కళ్ళల్లో పడుతూ ఉండకపోతే ఓట్లెవరు వేస్తారు? అలాంటి మనిషి ఇంట్లోనే కుక్క చచ్చిపోతే ఊరుకుంటాడా!

ఆ కుక్క పేరు బొమ్మిడాయి. తొంభై ఆరులో కైకలూరు నుంచి వచ్చిన చేపల వ్యానులో, ఐసు పెట్టెల మధ్య వణుకుతూ దిగింది. సన్నగా, పొడుగ్గా, మూతి ముందుకు సాగి ఉందని కాశీరావు భార్య కొండలమ్మ దానికి చేప పేరే పెట్టేసింది. అన్నం పెట్టింది కొండలమ్మ, స్నానం చేయించింది కొండలమ్మ, పుండు పడితే వేపనూనె రాసింది కొండలమ్మ. అయినా ఆ పిచ్చిదానికి ప్రాణమంతా కాశీరావు మీదే. సాయంత్రం ఆయన స్కూటరు ఇంకా బెంజ్ సర్కిల్ దగ్గర ఉండగానే గేటు ముందు నిలబడి తోక ఊపేది. ఆయన దాన్ని చెప్పుకాలితో పక్కకు నెట్టి లోపలికి పోయేవాడు. నాటుకుక్క కదా, నలుగురి ముందు నామోషీ.

పన్నెండేళ్ళు అలా తోక ఊపీ ఊపీ, రెండువేల ఎనిమిదిలో ఒక ఆషాఢమాసపు పొద్దున అది గేటు దగ్గరే కన్నుమూసింది. కొండలమ్మ పాత చీరలో చుట్టి పెరట్లో పాతించింది. రెండు రోజులు మెతుకు ముట్టలేదు. కాశీరావుకు కూడా నిజంగానే గేటు ముందు ఏదో వెలితిగా అనిపించింది. ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు ఆయనకు తెలిసిన పని ఒక్కటే. రఫీ కొట్టుకు వెళ్ళాడు.

రఫీ ఒకప్పుడు పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ వీడియోలు తీసేవాడు, ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నాడు. ఫొటో ఇమ్మన్నాడు. కుక్కకు ఫొటో ఎవరు తీస్తారయ్యా, కంప్యూటర్లో బోలెడు ఉంటాయిగా, చూడముచ్చటగా ఉన్నది ఒకటి వెయ్యమన్నాడు కాశీరావు. మర్నాటికల్లా బంగారు రంగు జూలుతో, వెనక మంచు కొండలతో ఒక విదేశీ కుక్క సందు మొగలో వెలిసింది. "మా ఇంటి ముద్దుబిడ్డ బొమ్మిడాయికి అశ్రునివాళి." కింద యథావిధిగా సెల్‌ఫోనుతో కాశీరావు. పదకొండో రోజున పెద్దకర్మ, వర్తకులందరికీ భోజనాలు అని కూడా వేయించాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, అంత జాతికుక్క మీ ఇంట్లో ఎప్పుడుందండీ అని అడిగితే, ప్రేమకు జాతేమిటండీ అని కళ్ళొత్తుకున్నాడు.

కూరగాయలకు వెళ్ళొస్తూ కొండలమ్మ ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడింది. ఇంటికొచ్చి సంచీ కింద పెట్టింది.

"నా కుక్క పోయిందయ్యా. నువ్వు ఎవరి కుక్కకి ఏడుస్తున్నావు?"

దాని మొహం దానికి పెట్టేదాకా పెద్దకర్మా లేదు, పొయ్యీ వెలగదంది. పెట్టాలంటే ఒక్క ఫొటో లేదే! ఇల్లంతా గాలించి, చివరికి తొంభై ఏడులో తీసిన గృహప్రవేశం క్యాసెట్టు బీరువాలోంచి తీసింది. ఇద్దరూ దాన్ని పట్టుకుని రఫీ కొట్టుకు వెళ్ళారు.

టీవీలో ఆవు గడప దాటింది. దాని వెనకాలే, పిలుపు తనకే వచ్చినట్టు, బొమ్మిడాయి దర్జాగా లోపలికి నడిచింది. కొండలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతలో పక్కనుంచి జరీ పంచె కట్టిన కాలొకటి వచ్చి దాన్ని డొక్కలో తన్నింది. కుక్క మెట్ల మీద దొర్లింది, లేచింది, కుంటుకుంటూ మళ్ళీ ఆ కాలి దగ్గరికే వచ్చింది. కాలు మళ్ళీ లేచింది. కుక్క తల ఎత్తి చూస్తూ తోక ఊపుతోంది. రఫీ అక్కడ ఆపాడు.

"ఊరికే అదిలించానంతే," అన్నాడు కాశీరావు.

కాలు కనపడకుండా కత్తిరించి, కుక్కను ఒక్కదాన్నే వేస్తానన్నాడు రఫీ. కాశీరావుకు ప్రాణం లేచొచ్చింది.

"కాలు తీసేస్తే అది ఎవర్ని చూసి తోకూపుతుందో ఎట్టా తెలుస్తది? ఉంచు," అంది కొండలమ్మ.

సంఘం ఎన్నికలు ఇంకో పది రోజులే. ఓటు వేసేవాళ్ళంతా ఆ సందు మొగలోంచే పోవాలి. వద్దని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కాశీరావు ఆ క్యాసెట్టు ఇంకోసారి వెయ్యమన్నాడు. తర్వాత మరోసారి. మూడోసారికి తెర కనిపించకుండా ఆయన కళ్ళు నిండిపోయాయి. దాని తల మీద తాను ఒక్కనాడూ చెయ్యి వేయలేదన్న సంగతి ఆయనకు అప్పటిదాకా గుర్తే రాలేదు.

"నా ఫొటో తీసెయ్, రఫీ. ఇదే వెయ్."

పదకొండో రోజున వర్తకులంతా భోజనాలకొచ్చారు. సందు మొగలో కట్టిన కొత్త ఫ్లెక్సీలో బొమ్మ మసకగా ఉన్నా, కుక్కా కాలూ బాగానే తెలుస్తున్నాయి. ఎన్నికల్లో కాశీరావుకు పోటీగా నిలబడ్డ సంజీవరావు విస్తరి ముందు కూర్చుని, పాపం నోరులేని జీవాన్ని ఎవరండీ అట్లా తంతున్నారని అందరికీ వినపడేలా అడిగాడు. కాశీరావు ఆయన విస్తట్లో చేపల పులుసు వడ్డిస్తున్నాడు.

"నేనేనండీ," అన్నాడు. "పన్నెండేళ్ళూ నేనే."