వెనక్కి పోని పెండ్లి కారు

ఒక్క స్క్రూ వల్ల ఒక పెళ్లి ఆగిపోబోయిందంటే మీరు నమ్మరు. ఆ స్క్రూ తిప్పిన చెయ్యి నాదే కాబట్టి నేను నమ్మక తప్పదు. ఆ రోజు నా బామ్మర్ది మొహం గుర్తొస్తే ఇప్పటికీ కంచం ముందునుంచి లేచిపోతాను. ఇదంతా చదివి మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, ఏం ఫరవాలేదు. మా అత్తగారింటివాళ్లు నవ్వినంత మీరు నవ్వలేరు.

మాది పత్తికొండ. బెంగళూరులో ఒక స్నేహితుడు తన పాత కారును వదిలించుకోవాలని చూస్తుంటే నేను తగులుకున్నాను. ఆటోమేటిక్ గేర్ల కారు. క్లచ్చి లేదు, ఎడమకాలికి పని లేదు. ఎక్కినవాళ్లందరికీ నా ఎడమకాలు చూపించి, "చూడు, ఊరికే ఉంది" అని చెప్పుకునేవాణ్ణి. వాళ్లు పాపం వంగి మరీ చూసేవాళ్లు.

ఆ కారుకు ఒక జబ్బు ఉండేది. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారే చోట ఇంజను గొంతు చించుకుని అరిచేది, కారు మాత్రం ఆలోచనలో పడేది. కాసేపు ఆలోచించుకుని, వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఒక్క ఎగురు ఎగిరి ముందుకు పోయేది. అలాంటి రోజుల్లో నా భార్య శారద తమ్ముడు మల్లికి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిది ఆలూరు దగ్గర పల్లె. మల్లి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నేను నీ కార్లోనే పెండ్లికి పోవాల. వేరే బండి వద్దని నాయనకు చెప్పేసినా."

వాడికి నేనంటే అంత నమ్మకం. ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది. పెళ్లికొడుకును ఎగిరెగిరి పడే కార్లో తీసుకుపోతే పరువేం కావాలి? కర్నూలులో మెకానిక్కుకు చూపించమంది శారద. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాణ్ణి. పైగా ఫోనులో వీడియోలు చూశాను. గేర్‌బాక్సు లోపల డ్రమ్ముల చుట్టూ పట్టీల్లాంటి బ్యాండ్లు ఉంటాయట. అవి బిగిసి పట్టుకుంటే ఒక గేరు, వదిలితే ఇంకో గేరు. వాటికి స్క్రూలు ఉంటాయి. స్క్రూను గట్టిగా బిగించి, ఆ తర్వాత చెప్పినన్ని చుట్లు వదులు చేయాలి. ఇంతేనా అనుకున్నాను. ఆ "ఇంతేనా" దగ్గరే ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని ఆగిపోవలసింది.

పెళ్లికి రెండు రోజుల ముందు కారును రాళ్లమీదికి ఎక్కించి కింద దూరాను. అడుగు ప్లేటు విప్పగానే లోపలి నూనె నా మీదా, వాకిట్లో వేసిన ముగ్గు మీదా పడింది. ఆ నూనె ఎర్రగా ఉంటుందని వీడియోలో చెప్పారు కానీ పక్కింటి నరసప్పకు ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర నిలబడి నిష్ఠూరంగా అడిగాడు.

"ఏమప్పా, పొట్టేలు కోసినావా? ఒక్క మాటన్నా చెప్పల్యా?"

"పొట్టేలు కాదు నరసప్పా, గేర్‌బాక్సు."

"యాదో ఒగటి. మాకు గూడా రవ్వంత పంపీ."

నరసప్పను పంపించి స్క్రూలు పట్టాను. మొదటిది కుదిరింది. రెండోదాన్ని గట్టిగా బిగించి, వదులు చేస్తూ చుట్లు లెక్కపెడుతున్నాను. సరిగ్గా అప్పుడే శారద కాఫీ తెచ్చింది.

"ఏం చేస్తాండారు దాని కింద? కాఫీ చల్లారిపోతాది."

కాఫీ తాగి మళ్లీ దూరాను. ఎన్ని చుట్లు తిప్పానో మరిచిపోయాను. తెలివైనవాడైతే మళ్లీ మొదటినుంచి బిగించుకుంటాడు. నేను, ఎందుకైనా మంచిదని, ఇంకొన్ని చుట్లు వదులు చేశాను. ప్లేటు బిగించి, కొత్త నూనె పోసి, ఊరంతా ఒక రౌండు వేశాను. కారు వెన్నలా పోయింది! అరుపు లేదు, ఎగురు లేదు. అదంతా కొత్త నూనె మహిమ అని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం అది నా చేతి మహిమే. ఇంటికొచ్చి శారద ముందు మీసం తిప్పాను. రివర్స్ గేరు వేసి చూడాలన్న ఆలోచన ఆ మీసం కిందే ఎక్కడో ఉండిపోయింది.

పెళ్లిరోజు పొద్దున కారుకు బంతిపూలు చుట్టాం. వెనక సీట్లో బాసికం కట్టుకుని మల్లి, వాడి పక్కన శారద, ముందు సీట్లో మా పెద్దత్త. పెద్దత్త అంటే మా అత్తగారి అక్క. ఆచారాల్లో ఆమెకు తెలియనిది లేదని అందరికంటే ఎక్కువగా ఆమే నమ్ముతుంది. వీధి చివరిదాకా వచ్చామో లేదో ఆమె కేక పెట్టింది.

"ఆపప్పా! తాళిబొట్టు సంచి ఇంట్లోనే ఉండాది! యెనక్కి తీయి!"

రివర్స్ వేశాను. ఇంజను గర్జించింది. కారు కదల్లేదు. తీసి మళ్లీ వేశాను. బంతిపూలు వణికాయి కానీ చక్రం తిరగలేదు. నేను వదులు చేసింది రివర్సును పట్టుకునే బ్యాండని ఆ క్షణంలో అర్థమైంది.

"ఏమైంది బావా?" అన్నాడు మల్లి నవ్వుతూ. అద్దంలో వాడి మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. సిగ్గేసింది. నోటికొచ్చింది అనేశాను.

"అదిగాదు మల్లీ, పెండ్లికొడుకు కూర్చున్న బండి యెనక్కి పోగూడదంట గదా. ఏం పెద్దత్తా?"

తెలియదని చెప్పడం పెద్దత్త జన్మలో లేదు. చటుక్కున చెంపలు వేసుకుంది.

"అవునప్పా! నేనే మరిస్తి చూడు. మా అవ్వ గూడా చెప్తాండె. మా కాలంలో ఒక్క బండి గూడా యెనక్కి పోల్యా."

వాళ్ల కాలంలో ఎద్దులబండ్లే. వాటికి రివర్సెక్కడిది? అది నాకు తోచింది కానీ అనలేదు. శారద పట్టుచీర ఎత్తిపట్టుకుని ఇంటిదాకా నడిచిపోయి సంచి తెచ్చింది. తెచ్చేటప్పుడు నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

దారంతా ముందుకే కాబట్టి కారు హాయిగా పోయింది. పల్లెలోకి వచ్చాం. పెళ్లికూతురి ఇంటికి ఒక సందులోంచి పోవాలి. రెండు పక్కలా రాతిగోడలు, మనిషి ఒత్తిగిలి పోయేంతే ఖాళీ. సందు సగంలో ఎదురుగా ట్రాలీ తగిలించిన ట్రాక్టరు వచ్చి మా ముక్కుకు ముక్కు పెట్టి ఆగింది. ట్రాలీ నిండా అన్నం గంపలు, పప్పు గంగాళాలు, బూందీ బుట్టలు. స్కూల్లో భోజనాలట, అక్కడికి తీసుకుపోతున్నారు. డ్రైవరు ఈరన్న చెయ్యి ఊపాడు.

"అన్నా, రవ్వంత యెనక్కి పో!"

నేను నోరు తెరిచేలోపు పెద్దత్త కిటికీలోంచి సగం బయటికొచ్చింది.

"యెవర్ని యెనక్కి పొమ్మంటాండావు? పెండ్లికొడుకు బండి యెనక్కి పోదు! నువ్వే పో!"

ఈరన్న ఒక్క క్షణం తడబడి, గట్టిగా అన్నాడు.

"మా ఊర్లో అన్నం బండి యెనక్కి పోగూడదమ్మా! అన్నం తిరుక్కుంటే ఊరికి కరువొస్తాది!"

కరువు మాట వినగానే సందులో ఉన్న ఆడపెళ్లివాళ్లంతా ఒక్కటైపోయారు. "నిజమే, అన్నం యెనక్కి పోగూడదు" అన్నాడు పెళ్లికూతురి మేనమామ. "పెండ్లికొడుకు పోవచ్చా?" అంది పెద్దత్త. "ఆయప్పను దిగి నడిసి రమ్మనండి" అన్నారు వాళ్లు. "ఎదుర్కోలు ఇయ్యకుండా కాలు కింద పెట్టనీను" అని ఈమె. అవతల పురోహితుడు మనిషిమీద మనిషిని పంపుతున్నాడు, ముహూర్తం దాటిపోతోందని. ఇంజను ఆపితే లోపల ఉక్క, నడిపితే పోవడానికి దారి లేదు. నిజం చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. తెరిచినప్పుడల్లా పెద్దత్త "నువ్వు గమ్మునుండు" అని మూయించింది.

"బావా," అన్నాడు మల్లి మెల్లగా, "ముహూర్తం పోతాది బావా."

వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మల్లీ, తప్పు నాదిరా..." అని మొదలుపెట్టేలోపు వాడు కిటికీలోంచి బయటికి పాకాడు. పట్టుపంచె ఎగ్గట్టి నా కారు బానెట్టు ఎక్కాడు. అక్కడినుంచి ట్రాక్టరు బానెట్టు. ఈరన్న భుజం పట్టుకుని ట్రాలీలోకి. అన్నం గంపలు దాటాడు, పప్పు గంగాళం దాటాడు, బూందీ బుట్ట దాటలేకపోయాడు. ఒక కాలు మోకాలిదాకా దిగింది. ఆ కాలు విదిలించుకుంటూ ట్రాలీ వెనక అంచుకు చేరేసరికి అక్కడ ఆడవాళ్లు హారతి పళ్లెంతో సిద్ధంగా ఉన్నారు. ఎదుర్కోలు ఇచ్చాకే కాలు కింద పెట్టాడు.

"ముందరికే పోయినాడు, కింద గూడా దిగల్యా. ఏం తప్పులేదు!" అని పెద్దత్త తీర్పు చెప్పింది. ఈలలు మోగాయి. తాళి సమయానికే పడింది.

అందరూ పందిట్లోకి పోయాక సందులో నేనూ ఈరన్నా మిగిలాం. "ఇంజను వేడెక్కింది, నెట్టండప్పా" అని అటుగా వచ్చిన నలుగురు కుర్రాళ్లను బతిమాలి కారును వెనక్కి నెట్టించుకుంటున్నాను. ఈరన్న దిగి వచ్చి, అటూ ఇటూ చూసి, నా చెవిలో అడిగాడు.

"నీకు గూడా రివర్స్ పడదా అన్నా?"

తల ఊపాను.

"నాది పడక నెలాయె. కరువు మాట అప్పటికప్పుడు నోటికొచ్చింది. యెవరికీ చెప్పొద్దు."

చెప్పలేదు. అదే కొంప ముంచింది. పోయినేడు అదే పల్లెలో ఇంకో పెళ్లికి పోయాం. పెళ్లికొడుకు కారు విశాలమైన రోడ్డుమీద ఆగింది. దాని ముందుకు ఒక ట్రాక్టరును తెచ్చి పనిగట్టుకుని అడ్డం పెట్టారు. పాపం ఆ పిల్లోడు బానెట్టెక్కి, ట్రాలీలో గంపలన్నీ దాటి, బుట్టలో కుడికాలు ముంచి అవతల దిగాడు. ఇదేందప్పా అని పక్కనున్న పెద్దాయన్ని అడిగితే నన్ను జాలిగా చూశాడు.

"బూందీ తొక్కడమప్పా. మా తాతల కాలంనుంచీ ఉండాది. మీ పక్క లేదా?"

కాబట్టి, కులదైవం సాక్షిగా, ఆ బూందీ బుట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కారు కిందా దూరను, ఏ స్క్రూనూ తిప్పను. తప్పనిసరై తిప్పినా, పెద్దత్త ఊళ్లో లేనప్పుడే తిప్పుతాను.