నాన్న పాదాలకి మొగలినూనె

మొన్న కోటబొమ్మాళి సంతలో ఎవడో మొగలి అత్తరు సీసా మూత తీశాడు. నా ముక్కు నన్ను అడక్కుండానే టెక్కలిలో మా తాటాకింటికి పోయింది. మన ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, సముద్రపొడ్డు పొదల్లోంచి మొగలిపూలు తెచ్చి కొబ్బరినూనెలో ఊరబెట్టి, ఆడపిల్ల పెళ్లికని దాచేవారు.

నా చిన్నప్పుడు ఒక ఏడు, ప్రభువు సిలువెక్కింది తలుచుకునే శ్రమల వారంలో నాన్న మంచం పట్టాడు. "నాను ఎల్లిపోతన్నాను, నా మాట ఇనండి" అని బతిమాలేవాడు.

"ఊరుకో బావా, పండక్కి లెగిసి తిరిగేత్తావు" అనేవాడు మా అమ్మ తమ్ముడు, మావ. మా మావకి నోరు తప్ప చెవులుండేవి కావు. చావబోతున్నానని ప్రభువు చెబుతుంటే శిష్యుడొకడు అలాగే ఊరుకోమన్నాడు కదా!

గురువారం సాయంత్రం నాన్న చెల్లెలు, మా అత్త, తన పెళ్లికి దాచిన నూనె తెచ్చి నాన్న పాదాలకి రాసింది.

"పెల్లినూనంతా ఒంపేసినావేటే?" అని మావ అరిచాడు. ప్రభువు పాదాలకి ఒకామె అత్తరు పూస్తే దండగన్న యూదా నాకు గుర్తొచ్చాడు గానీ, వీపు విమానం మోగుతుందని నోరెత్తలేదు.

"సచ్చిపోయినాక రాత్తే అన్నియ్యకి తెలుత్తాదేటి?" అంది అత్త.

నాన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వొక్కదానివే ఇన్నావమ్మా. నాకు బయమేత్తంది. నా కాడే కూకో."

పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు కూడా తన శిష్యుల్ని అంతకన్నా ఏమీ అడగలేదు. అక్కడ ఆయనవాళ్లంతా నిద్రపోయారు. మా అత్త మాత్రం నాన్న ఊపిరి ఆగేదాకా ఆ మంచం దగ్గర్నుంచి కదల్లేదు.