వేప్పనపల్లి బాయిలర్ కట్టెల లెక్క

హోసూరు బస్టాండులో ఉదయం ఆరుంబావుకు కృష్ణగిరి బస్సు ఎక్కినాను. తొంభైలు ముగిసే కాలం, మామిడి సీజను. వేప్పనపల్లి దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కట్టెలు ఎందుకు అంతగా కాలుతున్నాయో తేల్చడం నా పని. గుజ్జును కాచే బాయిలర్ ఎన్ని గంటలు మండుతుంది, ఆ గుజ్జును చల్లబరిచే కంప్రెసర్ ఎన్ని గంటలు తిరుగుతుంది అన్నది వాళ్ళు పంపిన రిజిస్టరులో చూసి, ఎంత కట్టె, ఎంత కరెంటు పట్టాలో కంప్యూటర్‌లో ముందే లెక్క కట్టినాను. ఆ కాగితాలు ఒళ్ళో ఉన్నాయి.

ఫ్యాక్టరీ కట్టిన నేల ఒకప్పుడు మా తాత మామిడితోట. ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు కనుక నేను చెప్పుకోలేదు.

ఏడున్నరకు కృష్ణగిరి. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ బాగుంటుంది, కాని రద్దీకి నిలబడి తినాలి. నేను నిలబడి తినను. బల్ల ఖాళీ అయ్యేసరికి ఎనిమిది గంటల బస్సు పోయింది. ఎనిమిదిన్నర బస్సులో ఒక ముసలాయన గంపతో వచ్చి, "జరగప్పా, సీటు నీ పేర రాసిచ్చినారా?" అన్నాడు. జరిగినాను.

తొమ్మిదిన్నరకు ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగినాను. తోతాపురి కాయల లారీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. బాయిలర్ చూసే మునెప్ప నన్ను చూడగానే భుజం మీది తువ్వాలు తీసినాడు. వాళ్ళ నాయన మా తోట కావలి.

"బాగుండారా అయ్యా?"

తల ఊపినాను. మా ఇంటివాళ్ళు అడగనిదే వాళ్ళ ఇంటివాళ్ళు పని మాట ఎత్తరు. వాళ్ళను అడిగి తెలుసుకోవడం మా ఇంట్లో లేదు. తోట పోయినా ఆ పద్ధతి పోలేదు.

కంప్రెసర్ లెక్క మీటరుతో కలిసింది. కట్టెల లెక్క కలవలేదు. ఎనిమిది గంటల మంటకు పట్టేదానికన్నా సగం ఎక్కువ పోతోంది.

"అంటే కట్టె గేటు దాటుతున్నట్టే కదా సార్?" యజమాని అందరి ముందర అడిగినాడు. కట్టెల కొట్టు తాళం మునెప్ప దగ్గరే ఉంటుంది. అతను నా వైపు చూస్తూ నిలబడినాడు, నేను ఏదో అడుగుతానని.

"రిజిస్టరు ప్రకారం అంతే" అని కాగితం మీద సంతకం పెట్టినాను. "రేపటి నుంచి రావద్దు" అన్నాడు యజమాని. మునెప్ప తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయినాడు.

మూడు గంటల బస్సులో కాయలు ఏరే రత్నమ్మ నా ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి, "మునెప్పన్నను ఎందుకు పంపించినారు సారూ?" అని అడిగింది.

"కట్టె లెక్క తేలలేదు."

"ఎట్ల తేలుతుంది? ఆయన తెల్లారి నాలుక్కే వచ్చి మంట పెడతాడు. లారీలు వచ్చేసరికి ఆవిరి లేకుంటే కాయ ఎండకు మెత్తబడిపోదా? గుమాస్తా వచ్చేదే ఎనిమిదికి. ఆయప్ప వచ్చినాకనే రిజిస్టరు!"

"అతను చెప్పలేదే."

"మీరు అడిగినారా?"

పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నవ్వినారు.

నాలుగింటికి కృష్ణగిరిలో దిగి ఎస్టీడీ బూతు నుంచి యజమానికి ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పినాను. "ఇప్పుడు చెబితే ఎట్ల సార్? దొంగ అని నలుగురి ముందర పంపించేసినాను. రేపు కొత్తాయన వస్తాడు. సంతకం మీదే కదా" అన్నాడు.

బూతు బయట వేప్పనపల్లి బస్సు ఆగి ఉంది. కండక్టరు కేకలు వేస్తున్నాడు. ఇంకా ఎండ ఉంది. ఆ బస్సు ఎక్కి మునెప్ప గడప ముందు నిలబడవలసినవాణ్ణి. అది మలుపు తిరిగేదాకా చూసి, హోసూరు బస్సు ఎక్కినాను.

ఆ దారిన ఇట్లాంటి పనికి పోయేవారు రిజిస్టరు తెరవకముందు నిప్పు వేసేవాణ్ణి అడగండి. శూళగిరి దాటినాక కాగితం తీసి, ఎనిమిదికి నాలుగు గంటలు కలిపి మళ్ళీ లెక్క వేసినాను. కలిసింది. ఒక్క మొద్దు కూడా ఎక్కడికీ పోలేదు.