గుర్రం మెడలో పడాల్సిన దండ

ఏడేళ్ళపాటు మా మాస్టారు నన్ను గాడిద అనే పిలిచారు. ఎనిమిదో తరగతిలో నేనే బడి మానేశాను. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టి ఉంటే గుర్రాన్ని చేసేవారేమో, ఆ ప్రమోషన్ చేజేతులా పోగొట్టుకున్నాను. ఆ లోటు తీరడానికి ఇంగ్లండులోని కోవెంట్రీ దాకా రావలసి వచ్చింది.

అలా రావడం కూడా నా ప్రతిభ కాదు. మా ఆవిడ ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. ఆవిడది ఉద్యోగం వీసా, నాది డిపెండెంట్ వీసా. మా నాన్న నా గురించి జీవితమంతా చెబుతూ వచ్చిన మాటనే బ్రిటిష్ ప్రభుత్వం స్టాంపు వేసి మరీ ఇచ్చింది. తర్వాత లారీ లైసెన్సు సంపాదించి, సూపర్‌మార్కెట్ సరుకులు తోలుకుంటూ ఏదో కాస్త మనిషిననిపించుకున్నాను.

ఊరి బయట ఒక పెద్దావిడ ఎవరికీ అక్కర్లేని గుర్రాలను చేరదీస్తుంది. ఆవిడకి గుర్రాలను ఎక్కించుకొచ్చే లారీ ఉంది కానీ, అది నడపడానికి మోకాళ్ళు సహకరించవు. ఆ మోకాళ్ళ ఆపరేషన్‌కే పెద్దావిడ మా ఆవిడ పనిచేసే వార్డులో చేరింది. "మా ఆయన లారీ నడుపుతారు, ఆదివారాలు ఊరికే పడుంటారు" అని, మాత్ర చేతిలో పెట్టినంత తేలిగ్గా మా ఆవిడ నన్ను ఆవిడ చేతిలో పెట్టేసింది.

మొదటి ఆదివారమే వేలానికి వెళ్ళాం. గుర్రాల వేలం అంటే టోపీలు పెట్టుకున్న దొరలుంటారనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. తీరా చూస్తే రేకుల షెడ్డు, పేడ వాసన, అందులోనే టీ వాసన. మంచి గుర్రాలన్నీ పొద్దున్నే అమ్ముడుపోతాయి. చివర్లో వచ్చేవి కుంటివి, ముసలివి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇంట్లో బరువైపోయినవి. మామూలుగా వాటి కోసం కూర్చుని ఉండేది ఇద్దరే. ఒకరు మా పెద్దావిడ. ఇంకొకాయన మాంసం వ్యాపారి. ఆయన వాటిని కోయించి, మాంసం బయటి దేశాలకు పంపుతాడట. చూడ్డానికి పెద్దమనిషే, మెత్తగా మాట్లాడుతున్నాడు. అందరూ గుర్రం ముఖం చూస్తుంటే ఆయన మాత్రం తొడలు చూస్తున్నాడు. ఒకసారి నా పొట్ట వైపు కూడా చూశాడు. నేను కోటు గుండీలు పెట్టుకున్నాను.

పెద్దావిడ లాయంలో ఒక్క గుర్రానికే చోటుంది. ఆవిడ కన్ను పోనీ అనే పొట్టి జాతి గోధుమరంగు గుర్రం మీద పడింది. చలాకీగా ఉంది, పిలిస్తే వస్తోంది. దాని పక్కన ఒక ముసలి తెల్ల ఆడగుర్రం. షెడ్డంతా గోలగోలగా ఉంటే అది మాత్రం గోడ వైపు తిరిగి, తల వంచుకుని నిలబడింది. నాకు చప్పున మా క్లాసు గుర్తొచ్చింది. నేను నిలబడే చోటు అదే.

"ముసల్దాన్ని తీసుకోండి" అన్నాను.

"ఎందుకు? గుర్రాల గురించి నీకు తెలుసా?"

"మా తాతకి జట్కా ఉండేది. ఇందాక తల తిప్పినప్పుడు నుదుటి మీద ఆ సుడి చూశారా? మావైపు అలాంటి సుడి ఉంటే మహా అదృష్టమంటారు."

తాతకి జట్కా ఉండటం నిజం. నేను అందులో ఎక్కి కూర్చోవడమూ నిజం. బస్సులో కూర్చున్నవాడికి ఇంజను గురించి ఎంత తెలుసో నాకు గుర్రం గురించి అంత తెలుసు. ఈలోగా పోనీని ఎవరో భార్యాభర్తలు తమ కూతురి కోసం పాడుకున్నారు. ముసల్దాని మీద చెయ్యెత్తింది వ్యాపారి ఒక్కడే. పెద్దావిడ నా ముఖం చూసింది, సుడి చూసింది, చెయ్యెత్తింది. వ్యాపారి భుజాలెగరేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

అదృష్టదేవత లాయంలోకి వచ్చింది. వచ్చి మళ్ళీ గోడ వైపు తిరిగింది. గడ్డి వేస్తే ముట్టదు, దాణా పెడితే ముట్టదు, క్యారెట్ చూపిస్తే తోక చూపిస్తుంది. రెండో రోజు వెటర్నరీ డాక్టరు వచ్చి పళ్ళు చూశాడు, పొట్ట మీద చెవి పెట్టి విన్నాడు.

"జబ్బేమీ లేదు. మనసు చచ్చిపోయింది. కానీ గుర్రం తినకపోతే పేగులు కదలడం ఆగిపోతుంది, అది చాలా బాధ. రేపు పొద్దున వస్తాను. అప్పటికీ ఏమీ తినకపోతే ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయడమే దయ."

పెద్దావిడ ముట్టని దాణా బకెట్టు తీసి పక్కన పెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ పోనీ ఇక్కడికి వచ్చి ఉంటే ఈపాటికి గడ్డి నములుతూ ఉండేదని మా ఇద్దరికీ తెలుసు. ఇంటికొచ్చాక నేను జోకేమీ వెయ్యలేదు. అది చూసి మా ఆవిడ భయపడింది.

"ఏమైందండీ? జ్వరమా?"

చెప్పాను. అంతా విని, "దిష్టి" అని తేల్చేసింది. "అంతమంది కళ్ళు దాని మీదే పడ్డాయి కదా. కొత్త కారు కొంటేనే పూజ చెయ్యకుండా వీధిలోకి తియ్యం. ప్రాణమున్నదాన్ని అలాగే తెచ్చి కట్టేశారా?"

"అది కొత్తది కాదే, సెకండ్ హ్యాండు."

"అయితే మరీ చెయ్యాలి."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాం మీద కోటు వేసుకుని, సంచీతో సహా లాయానికి వచ్చింది. కర్పూరం తీసింది. చుట్టూ ఉన్న ఎండుగడ్డిని చూపించి పెద్దావిడ, "ఇక్కడ అగ్గిపుల్ల గీస్తే రేపు డాక్టరుకి పనుండదు" అంది. కర్పూరం సంచీలోకి పోయింది. మా ఆవిడ కొబ్బరికాయ తీసింది. చప్పుడుకి గుర్రం బెదురుతుందంది పెద్దావిడ. అదీ పోయింది. నిమ్మకాయలు తీసి నా చేతిలో పెట్టింది.

"నాలుగు కాళ్ళ కింద పెట్టండి."

"టైరైతే నిమ్మకాయని తొక్కుతుంది. ఇది నన్ను తొక్కుతుంది."

నిమ్మకాయలూ పోయాయి. ఇక మిగిలింది బంతిపూల దండ. కానీ గుర్రం అటు తిరిగి ఉంది, వెనకనుంచి వెళ్తే తన్నుతుంది.

"అది ఇటు తిరిగేదాకా మీ మెడలో ఉంచుకోండి. కింద పెట్టకూడదు" అని దండ నా మెడలో వేసింది.

లోపలికి వెళ్ళి, తలుపు పక్క గోడకి ఆనుకుని, చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. తలుపు బయటినుంచి మా ఆవిడ స్తోత్రం మొదలుపెట్టింది. కాసేపటికి స్తోత్రం ఆగింది. చెవి దగ్గర వెచ్చగా ఊపిరి తగిలింది. మా ఆవిడ ఇంత దగ్గరికి వచ్చి చాలా కాలమైంది కదా అని కళ్ళు తెరవకుండా అలాగే నిలబడ్డాను. అప్పుడు మెడ దగ్గర కరకరమని చప్పుడైంది.

"కదలకు" అని పెద్దావిడ గుసగుసగా అంది.

దండ సగం అయిపోయింది. ముసల్ది పూలు నములుతూ, రేకులు పెదాలకి అంటించుకుని, నా కాలరు వాసన చూస్తోంది. పెద్దావిడ గడ్డి తొట్టిలో వేస్తే చూడనైనా చూడలేదు. మళ్ళీ నా మెడకేసే వచ్చింది. మా ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. ఎండుగడ్డిని చకచకా మెలిపెట్టి, కట్టు కట్టే చేతులతోనే దండ అల్లి, తలుపు మీదుగా నా మెడలో వేసింది. అదీ తినేసింది. ఇంకోటి వేసింది. చీకటి పడేవేళకి నా మెడంతా దురద, చొక్కా నిండా చొల్లు. పెద్దావిడ మాత్రం తలుపు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

పొద్దున డాక్టరు పెట్టె పట్టుకుని వచ్చేసరికి నేను గడ్డి దండతో పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాను. గుర్రం టిఫిను చేస్తోంది.

ఆయన నా మెడలో దండ పట్టుకు చూశాడు. "ఈ వైద్యం ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఏడో తరగతి దాకా చదివాను సార్. అందులో వచ్చింది."

ఆయన పెట్టె తెరవకుండానే తీసుకెళ్ళి కారులో పెట్టేశాడు.

వారం తిరిగేసరికి అది మామూలుగా తొట్టిలోనే తింటోంది. ఆ తర్వాతి ఆదివారం మా ఆవిడతో వెళ్ళి పిలిచాను. తల ఎత్తింది, నా మెడ ఖాళీగా ఉండటం చూసింది, మిగతా గుర్రాలతో కలిసి పచ్చిక వైపు నడిచి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను ఊరుకోలేకపోయాను. "ఏదేమైనా దాన్ని బతికించింది నా మెడే. ఈ మెడలో ఏదో మహత్తుందోయ్."

మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ అంది: "ఆ మెడలో నేనూ ఒకసారి దండ వేశాను లెండి. దండ వాడిపోయింది, మీరు మిగిలారు. ఆ గుర్రం దండ తినేసి మిమ్మల్ని వదిలేసింది. మా ఇద్దరిలో చదువుకున్నది నేనని మాత్రం ఎవరికీ చెప్పకండి."