ఖాలా కట్టిన ఇమామ్ జామిన్

మా అత్త నేపాల్ పోతుందంటే సిద్దిపేటలో మా గల్లీ నమ్మలేదు. పరదేశం అంటే మా గల్లీకి తెలిసింది దుబాయి ఒక్కటే. అక్కడికి మగవాళ్ళు పోతారు, పెట్టెలు మోసుకొని వస్తారు. అరవై దాటిన ఆడమనిషి, అదీ ప్రార్థన చేయడానికి పోవడమేమిటని అందరూ నవ్వారు. అత్త మాత్రం ఆ నెలంతా నేలమీద నడవలేదు. సరిహద్దు అవతలి ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసి రావాలని అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, కొందరిని జట్టుగా కూర్చారు. పాస్‌పోర్టు అక్కర్లేని పరదేశం కాబట్టి అత్తకు చోటు దొరికింది. అత్తను చూసుకోవడానికి కోడల్ని నేనుండనే ఉన్నాను.

బయలుదేరే పొద్దున పక్కింటి ఖాలా వచ్చింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, గల్లీ అంతా ఆమెను అలాగే పిలుస్తుంది. గాజులమ్ముకొని బతికే మనిషి. మా ఆయన పుట్టినప్పుడు మంత్రసాని వచ్చేదాకా అత్త చెయ్యి పట్టుకొని కూర్చున్నది ఆమేనట. రోజుకోసారైనా పోట్లాడుకోకపోతే ఆ ఇద్దరికీ అన్నం సయించదు. ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ళ చుట్టి ఖాలా అత్త కుడి దండచేతికి కట్టింది. దాన్ని ఇమామ్ జామిన్ అంటారు. దూరం పోయేవాళ్ళకు ముస్లింల ఇళ్ళలో కడతారు. క్షేమంగా చేరాక విప్పి, ఆ బిళ్ళను అక్కడి బీదవాళ్ళకు ఇచ్చేయాలి.

"గాడికి చేరినంకనే ఇప్పాలె అక్కా. నడుమల ఇప్పితే నా పానం ఊకుంటదా?" అంది ఖాలా.

"నీ పానం ఎన్నడు ఊకున్నదే?" అంది అత్త. అని, ఇద్దరూ ఏడ్చారు.

బస్టాండులో అయ్యగారి చూపు ఆ గుడ్డ మీద పడింది.

"అమ్మా, గిదేంది? తాయెత్తు కట్టుకొని దేవుని పనికి వస్తరా? తీసెయ్."

"తాయెత్తు గాదయ్యగారూ. మా పక్కింటామె దువా చేసి కట్టింది. గాడికి చేరినంక ఇప్పుత."

"అయితే గాడ నువ్వు ప్రార్థన చెయ్యొద్దు. కూసొని ఆమేన్ అను, చాలు."

అత్త మొహం చిన్నబోయింది. ప్రార్థన చేయడానికే కదా ఆమె వస్తున్నది! నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవబోయేసరికి అత్త నా కాలు తొక్కింది.

రైల్లో సద్ది మూట విప్పగానే అత్త మొదటి జొన్నరొట్టె అయ్యగారికే ఇచ్చింది. కోపమొస్తే మా అత్తకు మాట తగ్గుతుంది గానీ వడ్డన తగ్గదు. ఆయన కూడా తక్కువ తినలేదు. మామిడికాయ తొక్కు రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఆయన కునుకు తీస్తున్నప్పుడు నేను అత్త చెవిలో గొణిగాను.

"తీసెయ్ అత్తమ్మా. గింత దూరం వచ్చి నోరు మూసుకొని కూసుంటవా? ఖాలాకు ఎవరు చెప్తరు?"

"చెప్పెటోళ్ళు లేరనే గదనే, ఇప్పొద్దు" అంది అత్త.

నేను సద్ది మూట మళ్ళీ కట్టాను.

ఉత్తరాన చలి మొదలైంది. అయ్యగారు తన స్వెట్టర్ విప్పి అత్తకు తానే తొడిగారు. ముడి దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ముడి కదలకుండా మెల్లగా దాని మీదుగా స్వెట్టర్ చేతిని లాగి, తన జాగాలో కూర్చున్నారు. మంచి మనిషే, కాకపోతే పట్టుదల ఎక్కువ. అత్తకు తక్కువేం కాదు.

సరిహద్దు అంటే ఏదో గోడ ఉంటుందనుకున్నాను. ఒక కమాను ఉంది, దానికి అటూ ఇటూ అవే ఈగలు, అదే చాయ్. మాకు బస ఇచ్చిన ఇంటి గడప ముందు అత్త ఆగి ముడి విప్పింది. కట్టెల మోపుతో పోతున్న ఒక ముసలామెను పిలిచి బిళ్ళ చేతిలో పెట్టింది. తిరిగొచ్చి అయ్యగారి ఎదుట నిలబడింది.

"చేరినం, ఇప్పిన. ఇగ ప్రార్థన చెయ్యొచ్చునా?"

"చూద్దాం తియ్యమ్మా" అన్నారాయన.

మర్నాడు ఆ ఇంట్లో ప్రార్థన కూడిక. ఉర్దూ మాలో అందరికీ అంతో ఇంతో వచ్చుగానీ దేవుడితో మాత్రం తెలుగులోనే మాట్లాడతాం. అందుకని ఒక్కొక్కరు ప్రార్థిస్తుంటే అయ్యగారు మాట మాటకూ ఆ ఇంటివాళ్ళకు హిందీలో చెప్పేవారు. ఆ హిందీ మా సిద్దిపేట బజారుదే. పాపం, వాళ్ళు అర్థం చేసుకున్నారు. అందరి వంతూ అయింది. అత్తను మాత్రం పిలవలేదు. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ అత్త వైపు చెయ్యి చూపి, ఈ అమ్మ ప్రార్థించదా అని అడిగింది.

అయ్యగారు అత్త వైపు తిరిగారు. "చెయ్యమ్మా" అన్నారు.

"యేసయ్యా, గీ ఇల్లు సల్లగుండాలె" అంది అత్త. ఆయన చెప్పారు. "గీ అవ్వ మోకాళ్ళు నొయ్యొద్దు." అదీ చెప్పారు. "నన్ను గీడికి మంచిగ తెచ్చినవు. పక్కింటి మా చెల్లె అల్లాను అడిగింది, నువ్వు ఇన్నవు. ఆమె పిల్లలను, ఆమె కాళ్ళుచేతులను సల్లగ సూడు."

ఈసారి అయ్యగారి నోట హిందీ రాలేదు. నేను కళ్ళు తెరిచాను. అత్త కళ్ళు మూసుకొని ఎదురుచూస్తోంది. ఆయన ఒక్క మాట మింగినా ఆమెకు తెలిసిపోతుంది.  చివరికి అయ్యగారు చెప్పారు. అల్లాను అడిగిందన్నారు, నువ్వు విన్నావన్నారు, పిల్లలన్నారు, కాళ్ళుచేతులన్నారు. ఒక్కటీ వదల్లేదు.

ఆ పెద్దావిడ కళ్ళు తుడుచుకొని, ఆ చెల్లి పేరేమిటి, మేమూ ప్రార్థిస్తాం అంది. అత్త కొంగులో ముక్కు చీదుకుంటోంది. నేను చెబుదామనుకునేలోగా అయ్యగారే ఖాలా అసలు పేరు చెప్పారు. ఆ పేరు ఆయనకు తెలుసని మాకెవరికీ తెలియదు.