పడవ నడిపినాయన గురించి రెండు వాక్యాలు

మా అత్తమ్మ పుట్టకముందే ఆమె నాన్న చనిపోయాడు. బూర్గంపాడు దగ్గర మా ఊరి రేవులో పడవ నడిపేవాడాయన. సాయుధ పోరాటం రోజుల్లో మిలటరీ కాల్చేసిందని ఇంట్లో చెప్పుకునేవారు. ఏటా ఊళ్లో స్తూపం దగ్గర పార్టీవాళ్లు ఎర్రజెండా ఎగరేసి అమరుల పేర్లు చదువుతారు. ఆయన పేరు ఎన్నడూ చదవలేదు. అయినా ఈవిడ ప్రతిసారీ వెళ్లి చివరిదాకా నిలబడి వచ్చేది. నాకు ఒళ్లు మండేది.

పోయిన ఎండాకాలం, "నువ్వు టీచరువు గదా బిడ్డా, పుస్తకాలల్ల మా నాయిన గురించి ఏం రాసిండ్రో చూసిరా" అంది. పుస్తకంలో ఉంటే ఊళ్లో పేరు చదివిస్తుందనుకున్నాను. సెలవులే కదా అని ఖమ్మం బస్సెక్కాను.

లైబ్రరీలో కుర్చీలన్నీ గ్రూప్స్‌కు చదివే పిల్లలవే. "పోరాటం మీద బిట్ బ్యాంకులు మస్తున్నయ్ మేడం, ఇయ్యాల్నా?" అన్నాడు లైబ్రేరియన్. పాపం, ఆయన దగ్గరికి అందరూ వాటికే వస్తారు. అమరుల జాబితాలన్నీ వేలు పెట్టి చూశాను. లేడు. మూడో రోజు, దళంలో పనిచేసిన ఒకాయన రాసుకున్న సన్నటి పుస్తకంలో మా ఊరి పేరు కనబడింది. ప్రాణం లేచొచ్చింది.

రేవు పడవవాడు తమ దళాన్ని గోదావరి దాటించాడని ఒకచోట ఉంది. నాలుగు పేజీల తర్వాత, వాడే మిలటరీని కూడా దాటించాడు కాబట్టి ద్రోహిని రేవులోనే ఖతం చేశామని ఉంది. పేరైనా లేదు. మా రేవులో పడవ ఒక్కటే. తుపాకీతో వచ్చినవాణ్ణి ఎక్కించుకోనని పడవవాడు ఎట్లా అంటాడు? రాసినాయనకు అది తోచనే లేదు. అక్కడే ఏడ్చేశాను. పక్కనున్న పిల్ల, పరీక్ష పోయిందనుకుందేమో, తన మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. బస్సులో అనుకున్న అబద్ధమే చెప్పాను.

"మిలటరీ కాల్చిందనే రాసిండ్రత్తమ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "మనోళ్లే సంపిండ్రని మా అమ్మ పోయేముందు నాకు చెప్పింది బిడ్డా. తప్పు చేసినమని ఏడనన్న ఒక్క ముక్క రాసిండ్రేమోనని పంపిన. రాసిండ్రా?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"రాయలేదత్తమ్మా."

"రాసినాయన ఉన్నడా ఇంకా?"

"లేడు. ఆయన పోయినంకనే పుస్తకం అచ్చేసిండ్రు."

"అయితే ఇగ అడిగేటందుకు ఎవ్వరు లేరన్నట్టు" అంది.