ఉస్తాద్ తిట్లకి నా తెలుగు

ఆ రోజుల్లో యుద్ధమంటే మాకు టీవీలో అరుపులు కాదు, బూట్లలో దూరిన కంకర. ఈమధ్య సాయంత్రాలు భిలాయిలో మా వైశాలి నగర్ పార్కులో కూర్చుంటే, ఒక్కనాడైనా రైఫిలు మొయ్యని పెద్దమనుషులు ఫోన్లు చూసుకుంటూ దంచెయ్యాలి, లేపెయ్యాలి అని తీర్పులిస్తుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. శత్రువుని దంచేముందు సొంత సిపాయిని ఎంత దంచుతారో వీళ్ళకేం తెలుసు? బంగ్లాదేశ్ యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు నేను రిక్రూట్‌ని. నాన్న భిలాయి స్టీలు ప్లాంటులో ఖలాసీ. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ. బడితో నాకు తొందరగానే చెడింది (తప్పు బడిదే, ఇప్పటికీ అదే నా మాట). ఆ రెండు భాషలే నా ఆస్తి. ట్రైనింగ్ క్యాంపులో ఆ ఆస్తే నా మెడకి చుట్టుకుంది.

మా స్క్వాడ్‌లో పలాస కుర్రాడొకడు ఉండేవాడు. ఊరిని బట్టి వాణ్ణి జీడిపప్పు అనేవాళ్ళం. మనిషి తాటిచెట్టంత, హిందీ ఒక్క ముక్క రాదు. యుద్ధం తొందరలో భర్తీ చేసినవాళ్ళు ఎత్తూ ఛాతీ కొలిచారు గాని భాష కొలవలేదు. డ్రిల్లు నేర్పే హవల్దారుని అందరం ఉస్తాద్ అనాలి. హర్యానా మనిషి, గొంతు విప్పితే మైదానం అవతల కాకులు లేచిపోయేవి. ఆయన నన్ను ముందుకి పిలిచి, నేనన్నదంతా వీడికి మీ భాషలో చెప్పమని హుకుం జారీ చేశాడు.

మొదటిరోజే జీడిపప్పు ఎడమకాలికి బదులు కుడికాలు వేశాడు. ఉస్తాద్ వాడి తండ్రితో మొదలుపెట్టి ముత్తాత దాకా వెళ్ళి, ఆ వంశంలో గాడిదలు ఎక్కడెక్కడ కలిశాయో వివరంగా చెప్పాడు. వాడు నావైపు తిరిగాడు. "ఏటంతన్నాడ్రా?"

అమ్మ నేర్పిన తెలుగులో ఆ మాటలనడానికి నాకు నోరు రాలేదు. "మీ ఇంట్లో పెద్దోళ్ళందరూ బాగున్నారా అని అడుగుతన్నాడు," అన్నాను.

"బాగున్నారని సెప్పు. తాతకే కాస్త మోకాళ్ళ నొప్పులు."

నేను అటెన్షన్‌లో నిలబడి, "గల్తీ హో గయీ, తప్పయిపోయిందంటున్నాడు, ఉస్తాద్," అని హిందీలో అన్నాను. ఇద్దరూ తృప్తిపడ్డారు.

అక్కణ్ణుంచి అదే పద్ధతి. బుర్రలో పేడ ఉందని ఆయనంటే, ఒంట్లో బలముంది, కాళ్ళు కలిపితే చాలంట అని నేను చెప్పేవాణ్ణి. చిక్కేమిటంటే, తిడుతున్నంతసేపూ వాడు చిరునవ్వుతో తలాడించేవాడు. ఉస్తాద్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది. వాడికి కంకర మీద దొర్లుడు, దుబాసీనైన పాపానికి నాకూ దొర్లుడు (నేను చేసిన నేరమేమిటో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు).

ఒక మధ్యాహ్నం బ్యారక్‌లోకి వెళ్ళేసరికి వాడు ట్రంకుపెట్టెకి తాడు కడుతున్నాడు. రైఫిలు ఎత్తిపట్టి పరిగెత్తించిన పరుగులకి భుజాలు వాచిపోయాయి. "నానెల్లిపోతాన్రా. నావల్ల కాదు," అన్నాడు. యుద్ధం వేళ క్యాంపు నుంచి పారిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. పోలీసులు పలాసలో వాళ్ళ గుమ్మం ఎక్కుతారు, వీణ్ణి పట్టితెచ్చి జైల్లో వేస్తారు. ఆ పొద్దున ఉస్తాద్ వాడి గురించి అన్నది ఒక్కటే: ఈ దున్నపోతు ఫ్రంటుకి వెళితే లాభం శత్రువుకే. నేను వెళ్ళి పెట్టె మీద కూర్చుని, మొహం పెద్దరికంగా పెట్టాను.

"పొద్దున ఉస్తాద్ ఏటన్నాడో తెలుసా? ఈ స్క్వాడ్‌లో ఆఖరిదాకా నిలబడీవోడు నువ్వొక్కడివేనంట."

వాడు తాడు వదలకుండానే నా మొహంలోకి చూశాడు. "మరోపాలి సెప్పు," అన్నాడు. మళ్ళీ చెప్పాను. తాడు విప్పేశాడు.

ట్రైనింగ్ అయ్యాక మమ్మల్ని తలో యూనిట్‌కి పంపించారు. స్టేషన్లో వాడి బండి కదలబోతుంటే, ఇంక దాచడం న్యాయం కాదనిపించి, ఉస్తాద్ నిజంగా ఏమనేవాడో చెప్పబోయాను. వాడు కిటికీలోంచి నా భుజం మీద చెయ్యేశాడు.

"మొదట్రోజే తెలుసురా. తిడతన్నాడో ముద్దు సేస్తన్నాడో గొడ్డుకైనా తెలుస్తాది. రోజూ నువ్వేటి కల్పిస్తావోనని సూసీవోణ్ణి. అది ఇనడానికే ఉండిపోనాను."

బండి వెళ్ళిపోయింది. (యుద్ధం నుంచి వాడు క్షేమంగా తిరిగొచ్చాడని చాలాకాలానికి తెలిసింది.) వాణ్ణి నేనే కాపాడుతున్నానని ఛాతీ విరుచుకు తిరిగిన ఆనాటి నేననే కుర్రాడు ఆ ప్లాట్‌ఫారం మీద నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఇన్నేళ్ళయినా తలుచుకున్నప్పుడల్లా అలాగే కనిపిస్తాడు. లోకంలో అందరి మీదా కోపమొచ్చే నాకు, ఆ కుర్రాడి మీద మాత్రం రాదు.